గాజులక్క బొటనవేలు

ఎమ్మిగనూరులో మా గాజుల అంగడి ముందు కూర్చున్న ఏ ఆడమనిషి చెయ్యి పట్టుకున్నా, నేను ముందు అనే మాట ఒక్కటే: "సెయ్యి వదులుగా పెట్టమ్మా." ముప్ఫై రెండేళ్ళుగా అదే మాట. బిగబట్టిన చేతికి గాజు ఎక్కదు, ఎక్కినా నిలవదు. అందుకే మాటల్లో పెడతాను. అత్తగారైతే కోడలి సంగతి, కోడలైతే అత్తగారి సంగతి అడిగితే చాలు, చెయ్యి నా దగ్గర ఉందన్న సంగతే మరిచిపోతారు. వాళ్ళ తిట్లు సగంలో ఉండగానే నా డజను గాజులూ మణికట్టు దగ్గర గలగలమంటాయి.

అట్లాంటి నాకు పోయిన చలికాలం బొటనవేలు మొరాయించింది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. పాల ప్యాకెట్టు మూల కత్తిరించాలన్నా, జడ అల్లుకోవాలన్నా, కుడి బొటనవేలి మొదట్లో సూది దించినట్టు నొప్పి. చూపుడువేలి చివరి కణుపు దగ్గర రెండు గట్టి బుడిపెలు కూడా లేచాయి. కీళ్ళనొప్పులంటే మోకాళ్ళకే వస్తాయని నా లెక్క. చేతులకు కూడా వస్తాయని నాకెవరు చెప్పారు?

కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒకామెకు తొడుగుతుంటే రెండు గాజులు నా వేళ్ళ మధ్యే చిట్లాయి. మా పనిలో గాజు పగిలిందనకూడదు, చిట్లిందనాలి. "ఈ సారి సరుకే బాగలేదమ్మా" అని తప్పును గాజు మీదకు నెట్టేశాను. మరుసటి వారం ఇంకొకామెకు. అప్పుడూ సరుకే బాగలేదు. మూడోసారి మా ఆయన అంగడి గడపలో నిలబడి అంతా చూశాడు. ఆదోని జిన్నింగ్ మిల్లులో పని చేసి మానుకున్న మనిషి, చేసేందుకు పనేమీ లేదు కాబట్టి అన్నీ చూస్తాడు.

"సరుకు కాదు మే, నీ సెయ్యి బాగలేదు" అన్నాడు.

"నీ కండ్లు బాగలేవు, పో" అన్నాను. అన్నానే గానీ ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఆ వారంలోనే ఫోను వచ్చింది. ఆస్పరి దగ్గర పల్లెలో పత్తి, వేరుశనగ వేసుకునే ఒకామె ఉంది. ఆమె పెళ్ళికి గాజులు తొడిగింది నేనే, ఆమె శ్రీమంతానికి తొడిగిందీ నేనే. ఆ శ్రీమంతం నాటికి కడుపులో ఉన్న ఆడబిడ్డే ఇప్పుడు నాలుగో నెల కడుపుతో ఉంది. ఏడో నెలలో శ్రీమంతం పెట్టుకుంటున్నారు.

"నువ్వే రావాల గాజులక్కా. మొదటి కడుపు నిలవలే దానికి. ఈసారి బో భయంగా ఉండాది మా పాపకు. ఇరవై ఒక్క గాజులు ఒగటి గూడా చిట్లకుండా పడాల. నీ సెయ్యి అయితేనే నాకు ధైర్యం" అంది.

వస్తానన్నాను. ఫోను పెట్టేశాక కుడిచెయ్యి వైపు చూసుకున్నాను. ఆ చెయ్యి మీద ఆ తల్లికి ధైర్యం! శ్రీమంతంలో గాజు చిట్లితే నలుగురూ ఏమనుకుంటారో, ఆ పిల్ల మనసులో ఏం పడుతుందో నాకు తెలుసు. శకునాలు నిజమా అబద్ధమా అని ఆ పిల్లకు అప్పుడు ఎవరు పాఠం చెబుతారు? మూడు నెలల్లో ఈ చెయ్యి దారికి రావాలి. రాకపోతే ఆ గాజులు ఇంకెవరో తొడగాలి, నేను అంగడిలో ప్లాస్టిక్ గాజులు కవర్లలో పెట్టి అమ్ముకుంటూ కూర్చోవాలి.

వైద్యం మా ఆయన మొదలుపెట్టాడు. ఎవరో చెప్పారట, ఎముకలకు నల్లేరును మించింది లేదని. కంచె మీద పాకిన నల్లేరు కాడలు కోసుకొచ్చి, పచ్చడి తానే చేస్తానని కూర్చున్నాడు. నల్లేరు ఈనెలు తీసేముందు చేతులకు నూనె రాసుకోవాలని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఈయనకు తెలియదు. పావుగంటలో చేతులు ఎర్రబడి, దురద తట్టుకోలేక గోడకు రుద్దుకుంటూ వంటింట్లో గెంతడం మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో రెండు జతల చేతులు, ఒకటీ పనికి రాదు. నేను నవ్వు ఆపుకోలేక, నొప్పి చేతులతోనే ఆయన చేతులకు కొబ్బరినూనె రాశాను. పచ్చడి మాత్రం బాగా కుదిరింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పచ్చడి తిన్నాం, నొప్పి అట్లనే ఉంది. ఇక లాభం లేదని ఆదోని బస్సెక్కాం. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తినకుండా ఆదోనిలో ఏ పనీ మొదలుపెట్టడు మా ఆయన. తిన్నాకే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు వేళ్ళు అటూ ఇటూ వంచి చూసి, ఫోటో తీయించి, రక్తం పరీక్ష చేయించి, ఇది కీళ్ళు అరగడం వల్ల వచ్చిందని చెప్పాడు. అరిగింది తిరిగి రాదు, నొప్పినీ బిగువునూ మాత్రం తగ్గించుకోవచ్చు అన్నాడు. రక్తంలో డి విటమిన్ తక్కువగా ఉందని వారానికొక గొట్టం మాత్ర, రోజూ ఒక క్యాల్షియం బిళ్ళ రాశాడు.

"వారానికొకటి అంటే ఎప్పటికి తగ్గాల సార్? రోజుకొకటి ఏసుకుంటే?" అని మా ఆయన.

"అది మందప్పా, మిరపకాయ బజ్జీ కాదు. వారానికి ఒకటంటే ఒకటే. ఎక్కువైతే ఒంటికి చేటు" అన్నాడు డాక్టరు. నల్లేరు పచ్చడి సంగతి అడిగితే, బాగుంటే తినండి, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు అని నవ్వాడు. "ఈ బిళ్ళలు లోటు తీరుస్తాయి. సెయ్యి మాత్రం కసరత్తుతోనే దారికొస్తుంది" అని పక్క గదికి పంపాడు.

పక్క గదిలో కసరత్తులు నేర్పే అమ్మాయి. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. నన్ను చూడగానే, "రాండవ్వా, కూసోండి" అంది.

అవ్వనా! నాకు యాభై ఎనిమిది. జుట్టుకు రంగు వేసుకోవడం మానేసి రెండు నెలలైంది, అంతే. "పాపా, నేను అవ్వనైతే నువ్వు ఇంకా ఉయ్యాల్లో ఉండాల. సక్కంగా పిలువు" అన్నాను. ఆ పిల్ల బెదరకుండా నవ్వింది. "సరే పెద్దమ్మా. సెయ్యి ఇట్లియ్యి" అని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "సెయ్యి వదులుగా పెట్టు పెద్దమ్మా."

మా ఆయన పకపక నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

కసరత్తు అంటే నేను బరువులు మోయడం అనుకున్నాను. అదేం కాదు. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చేతులు ఉంచాలి. తరువాత మెల్లగా పిడికిలి మూయాలి, గట్టిగా బిగించకూడదు, మెల్లగా తెరవాలి. బొటనవేలితో ఒక్కొక్క వేలి కొసనూ తాకాలి. చివరకు చిటికెనవేలి మొదలు దాకా జార్చాలి. చెయ్యి బల్ల మీద పరిచి ఒక్కొక్క వేలే పైకెత్తాలి. ఒక్కొక్కటీ పదిసార్లు, రోజుకు రెండు పూటలు. ఇంకా రోజూ ఒక పేజీ రాయమంది. పెన్నుకు గుడ్డపేలిక చుట్టి లావు చేసుకుంటే వేళ్ళకు శ్రమ ఉండదట. ఏం రాయాలి అని అడిగితే, "నీ ఇష్టం, నీ మొగుణ్ణి తిట్టుకుంటా రాయి" అంది. పదో తరగతి తరువాత నేను పెన్ను పట్టింది అప్పుడే. ఈ పేజీలు అట్లా మొదలైనవే. మొదట్లో రెండు నోటుపుస్తకాలు ఆమె చెప్పినట్టే మా ఆయన మీద తిట్లతోనే నిండాయి. అవి అచ్చు వేయించను.

అంగడిలో బేరం లేనప్పుడు కూర్చుని బొటనవేలితో ఒక్కొక్క వేలూ తాకుతూ పది లెక్కపెట్టుకునేదాన్ని. పెదవులు కదులుతుంటాయి కదా. గాజులక్క జపం పట్టిందని వీధంతా పాకిపోయింది. మగ్గాల ఇంటి ఆమె ఒకరోజు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "ఏ మంత్రమక్కా? మా మనిషి తాగుడు మానేదానికి పనికొస్తుందా?" అని అడిగింది. కాదమ్మా, వేళ్ళ నొప్పికి అన్నాను. నమ్మలేదు. మంత్రం బయటికి చెప్పకూడదని దాస్తున్నానని అనుకుంది.

నెల తిరిగేసరికి పొద్దుటి బిగువు కొంచెం సడలింది. అక్కడే నా తెలివి నన్ను ముంచింది. గాజులమ్మే దాన్ని, వాపు తగ్గిందో లేదో గాజుతో కొలవకుండా దేనితో కొలుస్తాను? గోడకు మేకు కొట్టి వరసగా గాజులు తగిలించాను. రెండు-పది, రెండు-ఎనిమిది, రెండు-ఆరు, రెండు-నాలుగు. అంకె తగ్గేకొద్దీ గాజు చిన్నది. పెళ్ళినాడు నా చేతికి రెండు-నాలుగు పట్టేది. ప్రతి శుక్రవారం ఒకటి ఎక్కించి చూసుకోవడం. రెండు-పది ఎక్కింది. తరువాతి శుక్రవారం రెండు-ఎనిమిది కూడా నీళ్ళలో నానిన చేతికి సులువుగా ఎక్కింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ ఊపులోనే రెండు-ఆరు అందుకున్నాను.

సగం దూరం వెళ్ళి కణుపుల మీద కూర్చుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వేళ్ళు ఉబ్బుతున్నాయి. మా ఆయన సబ్బు తెచ్చాడు, శనగనూనె తెచ్చాడు, నేను పనికి వాడే ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చి చుట్టాడు. ఆపైన, నా ఎదురుగా గొంతుకూర్చుని, అచ్చం నా గొంతుతోనే, "సెయ్యి వదులుగా పెట్టమ్మా. మీ అత్త ఎట్లుండాది? బాగా సూసుకుంటాందా?" అన్నాడు.

నొప్పితో ఏడుస్తూనే నవ్వాను. నవ్వినా గాజు కదల్లేదు. చివరకు తువ్వాలు చుట్టి పటకారుతో ఆయనే చిట్లగొట్టాడు. గాజుముక్కలు ఏరుతుంటే మాత్రం నాకు నవ్వు రాలేదు. శ్రీమంతానికి ఐదు వారాలు ఉండగా నా చేతిలో, నా ఇంట్లో, నా గాజే చిట్లింది. బొటనవేలు మళ్ళీ బూరెలా ఉబ్బింది. ఆ పల్లె ఆమెకు ఫోను చేసి, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పేద్దామనుకున్నాను. రెండుసార్లు ఫోను తీసి రెండుసార్లూ పెట్టేశాను.

ఆదోనిలో ఆ అమ్మాయి నా వేలు చూసి మండిపడింది. "వాపు కొలిసేదానికి గాజు తొడుక్కుంటివా? ఎవురన్నా సెప్పినారా నీకు?"

"ఎవురు సెప్పల్ల? నా పని అదే కదా" అన్నాను.

ఆ మాటతో ఆమె కోపం ఆగింది. తన చెయ్యి నా ముందు పెట్టి, "నువ్వు పని ఎట్ల సేస్తావో సూపించు" అంది. సంచిలో రెండు గాజులు ఎప్పుడూ ఉంటాయి నాకు. ఆమె చెయ్యి పట్టి, తొడిగి చూపించాను. ఆమె గాజు వైపు చూడనే లేదు, నా బొటనవేలినే చూస్తోంది. "సూడు పెద్దమ్మా, ఆ యేలిని ఎట్ల వంచి పొడుస్తాండావో. బరువంతా దాని మొదట్లోనే. ముప్ఫై ఏండ్లు పొడిస్తే అరగదా?"

నిజమే. అవతలి చేతి కణుపును లోపలికి అదమడానికి నేను బొటనవేలి కొసతో పొడుస్తాను. మా అమ్మ అట్లాగే చేసేది, నేను అట్లాగే నేర్చుకున్నాను. ఆమె చేతులు కూడా చివరి రోజుల్లో కొంకర్లు పోయాయి. మేమంతా అది ముసలితనం అనుకున్నాం.

ఆ పిల్ల కొత్త పద్ధతి నేర్పింది. బొటనవేలు పక్కకు పెట్టి, అరచెయ్యి మొత్తంతో అవతలి చేతిని పొదివి పట్టుకుని అదమాలి. వేలికి ఒక పట్టీ ఇచ్చింది. కుడిచేత్తో అన్నం తినడం నేర్చుకున్నవాడిని ఎడమచేత్తో తినమన్నా ఇంత కష్టం ఉండదు. ఐదు వారాలు మా ఆయన చెయ్యే నా బడి. పెద్ద సైజు ఆకుపచ్చ గాజులు రోజూ రెండు డజన్లు తొడగడం, తీయడం. ఒకరోజు గ్యాసు బండ తెచ్చిన మనిషి తలుపు కొడితే, ఆ గాజుల చేతులతోనే వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు. "ఏమన్నాడు?" అని అడిగాను. "ఏమంటాడు, బాగుండాయన్నాడు" అన్నాడు. ఎన్ని నోటుపుస్తకాల్లో తిట్టినా, ఆ ఐదు వారాలకు నేను ఆయనకు రుణపడ్డాను. ఆ మాట కూడా రాసి పెడుతున్నాను, చదువుకోనీ.

శ్రీమంతం రోజు ఆస్పరి వైపు ఆటో దిగి ఆ ఇంటికి వెళ్ళేసరికి పందిట్లో పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగల వాసన. పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. నిండుగా, ముద్దుగా ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను. ఏడో నెల కదా, ఆమె వేళ్ళు కూడా ఉబ్బి ఉన్నాయి. పైగా భయంతో చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. ఒక వాచిన చెయ్యి ఇంకో వాచిన చేతికి గాజులు తొడగాలి.

కొత్త పద్ధతిలో మెల్లగా మొదలుపెట్టాను. కుడిచేతికి పది గాజులు ఎక్కేసరికి చాలాసేపు పట్టింది. వెనక ఒకామె, "గాజులక్కకు వయసైపాయ, మునుపు ఇంతసేపు యాడ పట్టేది" అంది. విననట్టు రెండో చెయ్యి అందుకున్నాను. ఎడమచేతికి నాలుగు పడ్డాయి. ఐదోది కణుపుల మీద ఆగింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి, చెయ్యి ఇంకా బిగిసింది. నా పాత బొటనవేలు దానంతటదే వంగి పొడవడానికి లేచింది. ఒక్క పోటు పొడిస్తే ఎక్కుతుంది, లేదా చిట్లుతుంది. ఆ తల్లి నా వైపే చూస్తోంది.

గాజు వెనక్కి తీసేశాను. నా నోట్లోంచి మాట దూసుకొచ్చింది. "వేన్నీళ్ళు తెండి! బిరీనా!"

పందిరి అదిరిపోయింది. శ్రీమంతం పీట మీద కూర్చున్న కడుపుతో ఉన్న పిల్ల పక్కన వేడినీళ్ళు అని అరిస్తే జనం ఏమనుకుంటారు? ఒక ముసలామె "అయ్యో, ఏడో నెల్లోనేనా!" అని లేచింది. ఇంకొకాయన ఆటో కోసం రోడ్డు మీదకు పరుగెత్తాడు. పిల్ల తండ్రి చేతిలో ఓళిగ పళ్ళెం కింద పడింది. "కాన్పుకు కాదప్పా! గాజులకు, గాజులకు!" అని నేను గొంతు చించుకుంటే గానీ ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు మొదలయ్యాయి. ముందు నవ్వింది ఆ పిల్లే. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

నీళ్ళు కాగేదాకా ఆమె చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నాను, వాపు కొంచెం దిగాలని. గోరువెచ్చని నీళ్ళ బేసిన్ వచ్చాక ఆమె చెయ్యీ నా చెయ్యీ రెండూ అందులోనే. "పెట్టిన గంధం కడుక్కపోతాది" అని ఎవరో గొణిగారు. మళ్ళీ పెడదాంలే అన్నాను. "నేను సేసినట్టు సెయ్యి పాపా. మెల్లగా పిడికిలి. మెల్లగా తెరువు. బొటనేలుతో ఒక్కొక్క యేలూ తాకు." మేమిద్దరం చేస్తుంటే ముందు వరసలో ఇద్దరు ముసలామెలు కూడా మొదలుపెట్టారు. పత్తి ఏరి ఏరి వాళ్ళ వేళ్ళు నా వేళ్ళకన్నా కొంకర్లు తిరిగి ఉన్నాయి. కాసేపటికి పందిట్లో సగం మంది ఆడవాళ్ళు వేళ్ళు తాకించుకుంటూ కూర్చున్నారు.

చెయ్యి తుడిచి, రవ్వంత సబ్బు రాసి, అరచేతితో పొదివి పట్టుకుని, ఐదోది ఎక్కించాను. జారింది. ఆరు, ఏడు, ఎనిమిది. చివరి మూడూ ఒక్కసారే. తొమ్మిది, పది, పదకొండు. ఇరవై ఒక్క గాజులు, ఒక్కటీ చిట్లలేదు. తల్లి పైట కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత, పేరంటానికి వచ్చిన ముత్తైదువలకు తలా రెండు గాజులు తొడగడం మా పద్ధతి. అందరికీ తొడిగి, మూట కట్టుకుంటుంటే ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. "నీకు ఎవురు తొడుగుతారక్కా?" అంది.

ఎవరు తొడుగుతారు? పెళ్ళినాడు మా అమ్మ తొడిగింది. ఆ తరువాత ఎప్పుడూ నాకు నేనే. ఆ రెండు-ఆరు సంగతి జరిగినప్పటి నుంచి నా చేతులు బోసిగానే ఉన్నాయి. నాకు వద్దమ్మా, నొప్పి అన్నాను. ఆ పిల్ల వినలేదు. మూటలోంచి రెండు ఆకుపచ్చవి, రెండు-ఎనిమిదివే, తానే ఏరి తీసింది. నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. ఆ వేళ్ళ బుడిపెలు అందరికీ కనబడుతున్నాయని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

ఆమె వదల్లేదు. అరచేతితో పొదివి పట్టుకుని, అచ్చం నేను పట్టుకున్నట్టే పట్టుకుని, "సెయ్యి వదులుగా పెట్టక్కా" అంది.

పెట్టాను.